కుక్క మోకాలు ‘టక్’మంటోంది.. మాత్రలతో తగ్గుతుందా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు ఆరేళ్లు, బరువు 34 కిలోలు. రెండు నెలల కిందట కుడి వెనుక కాలు కుంటితే మోకాల్లో లిగమెంట్ తెగిందన్నారు. విశ్రాంతితో తేరుకుంది. వారం నుంచి మళ్లీ కాలు కింద ఆనించడం లేదు. అడుగేస్తే ‘టక్’మని వినిపిస్తోంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయట. ఆపరేషన్ తప్పదా?

జవాబు: కాస్త కోలుకున్న కుక్క ఒక్కసారిగా మళ్లీ కుంటిందంటే మెనిస్కస్ చిరిగిందని అనుమానించాలి. తొడ ఎముకకూ దాని కింది ఎముకకూ మధ్య నెలవంకల్లా ఉండే రెండు మెత్తలే మెనిస్కస్‌లు. కుక్కల్లో ఇవి వాటంతటవి చిరగడం అరుదు. మోకాలి ఎముకలు జారకుండా పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగాక అడుగేసినప్పుడల్లా కింది ఎముక ముందుకు జారుతుంది. బయటివైపు మెత్తకు తొడ ఎముకతో బంధం ఉంది కాబట్టి దాంతోపాటు కదిలి తప్పించుకుంటుంది. లోపలివైపుది కింది ఎముకను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. పక్కకు తప్పుకోలేక దాని వెనుక భాగం రెండు ఎముకల మధ్య నలిగిపోతుంది. చిరిగిన పోగు మడతపడి ముందుకొచ్చి, తిరిగి వెనక్కి జారేటప్పుడు వినిపించేదే ఆ ‘టక్’. అయితే శబ్దం రానంత మాత్రాన చిరగలేదని కాదు.

ఎక్స్‌రేలో ఈ మెత్త కనిపించదు. కీలు తెరిచో, లోపలికి కెమెరా పంపో, కొక్కెంలాంటి సన్నని పరికరంతో దాన్ని కదిపి చూస్తే సంగతి కచ్చితంగా తేలుతుంది.

మాత్రలతో నొప్పి తగ్గుతుంది గానీ చిరుగు అతకదు. బయటి అంచుకు తప్ప మెనిస్కస్‌లో రక్తనాళాలు ఉండవు. అందుకే పాడైన ముక్కను మాత్రం కత్తిరించి తీసేస్తారు, మిగతాది ఉంచేస్తారు. అదొక్కటే చేస్తే లాభం లేదు, మోకాలి జారుడునూ ఆపాలి. మీ కుక్క బరువుకు కింది ఎముక పైభాగాన్ని కోసి, వాలు తగ్గించి ప్లేటు బిగించే టీపీఎల్‌వో ఆపరేషన్ నయం. అందులో మెనిస్కస్‌ను కూడా పరీక్షిస్తారా అని డాక్టరును ముందే అడగండి. చిరుగును లోపలే వదిలేస్తే ఎంత మంచి ప్లేటు వేసినా కుంటు పోదు.

ఆపరేషన్ అయ్యాక మొదటి మూడు రోజులు ఐస్‌ను గుడ్డలో చుట్టి పూటకు 10 నిమిషాలు మోకాలికి పెట్టండి. ఎనిమిది వారాలు గెంతడం, మెట్లెక్కడం, పరుగు వద్దు. మొదట్లో బెల్టు పట్టుకుని మల మూత్రాలకు మాత్రమే, అయిదేసి నిమిషాలు తిప్పండి. ఎముక అతికిందని ఎక్స్‌రేలో చూశాకే వదలాలి. బాగా నడుస్తున్నది నెలల తర్వాత మళ్లీ హఠాత్తుగా కుంటితే, అప్పుడు బాగున్న మెనిస్కస్ ఇప్పుడు చిరిగి ఉండొచ్చు. వెంటనే చూపించండి.

పిల్లుల్లోనూ ఇదే జరుగుతుంది. కుంటు అంతగా బయటపడదు, ఎత్తుకు దూకడం మానేస్తాయి. నొప్పి చూడలేక మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.