అమ్మ గుర్తుపట్టదు సరే, హాయిగా ఉందా?

ప్రశ్న: మా అమ్మకు డిమెన్షియా బాగా ముదిరింది. ఏడాదిగా మాట లేదు, మంచం మీదే ఉంటోంది, నన్ను గుర్తుపట్టదు. 'ఆమెకేం తెలుస్తుంది, ఎలా ఉన్నా ఒకటే' అంటాడు అన్నయ్య. నోరు తెరిచి చెప్పలేని మనిషి సుఖంగా ఉందో లేదో తెలుసుకునేదెలా?

జవాబు: ఒకటే కాదండీ. జ్ఞాపకం పోయినంత మాత్రాన నొప్పి, భయం, హాయి పోవు. చెప్పే దారి మూసుకుపోయింది, అంతే. కాబట్టి అడగడం మాని చూడడం మొదలుపెట్టండి.

ఈ దశ కోసమే 2000లో 'క్వాలిడ్' అనే కొలమానం వచ్చింది. గడిచిన 7 రోజుల్లో కనిపించినదాన్ని బట్టి 11 విషయాలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. నవ్వుతోందా, దిగులుగా కనిపిస్తోందా, ఏడుస్తోందా, ముఖంలోనో ఒంట్లోనో బాధ కనిపిస్తోందా, మూలుగుతోందా, కసురుకుంటోందా. తినడం, చేతి స్పర్శ, పక్కన మనిషి ఉండడం ఇష్టపడుతోందా, ప్రశాంతంగా ఉందా అన్నవే ఆ విషయాలు. మొత్తం 11 వస్తే అన్నిటికన్నా మేలు, 55 వస్తే అన్నిటికన్నా అధ్వానం. ఎక్కువ సమయం దగ్గరుండే మనిషే వేయాలి, ప్రతిసారీ ఆ మనిషే వేయాలి. చేయి మారితే అంకె మారుతుంది, అమ్మ మారిందనుకుంటాం.

మొత్తం అంకె ఒక్కటే చూసి తృప్తిపడకండి. మత్తు కలిగించే మందు ఇస్తే ఏడుపు, మూలుగు తగ్గి ఆ మార్కులు బాగుపడతాయి. అదే సమయంలో నవ్వు, తిండి మీద ఇష్టం కూడా పోతాయి. ఆ నిశ్శబ్దం హాయి కాదు. ముఖ కండరాలు బిగుసుకుపోయిన వారిలో నవ్వు బయటికి రాకపోవచ్చు. అప్పుడు కళ్లు, చేతి పట్టు చూడాలి. ఇంకోటి, కొంచెం కష్టమైన మాటే: చూసేవారు కుంగిపోయి ఉంటే మార్కులూ అధ్వానంగానే పడతాయి. 'నేనే అలా ఉంటే' అన్న ఊహకు కాకుండా ఈ వారం కంటితో చూసినదానికే వేయండి.

నొప్పికి 'పెయినాడ్' అని వేరే కొలత ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరడిల్లడం: ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. కదలకుండా పడుకున్నప్పుడు చూస్తే చాలా నొప్పులు దాగిపోతాయి. పక్కకు తిప్పేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు చూడండి. అంకె పెరిగితే మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, పంటి నొప్పి, మడమల దగ్గర, నడుము కింద పుండ్లు ఉన్నాయేమో ముందు వెతకండి. నొప్పి మందు 'అవసరమైతే ఇవ్వండి' అని రాసి ఉంటే, అడగలేని మనిషికి అది చాలాసార్లు అందదు. వేళ ప్రకారం ఇవ్వవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

మందు మార్చే ముందు ఒకసారి, మార్చిన రెండు వారాలకు ఒకసారి క్వాలిడ్ వేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి.

మీ అన్నయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఒక వారం అమ్మ పక్కనే ఉండి, చివర్లో ఆ 11 మార్కులు ఆయన్నే వేయమనండి.