ఎడిటర్‌లోనే నడపండి, కానీ కమాండ్ మీరే టైపు చేయండి

కోడ్ రాసుకునే ఎడిటరైన వీఎస్ కోడ్‌లోనే పైథాన్ స్క్రిప్టు నడపడం మంచిదా, విడిగా కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకోవడం మంచిదా అని అడిగారు. ఎడిటర్‌లోనే నడపండి, అయితే కుడివైపు పైన కనిపించే త్రికోణపు బటన్ జోలికి కొత్తలో పోవద్దు. కంట్రోల్‌తో పాటు బ్యాక్‌టిక్ (`) నొక్కితే కింద టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే చోటు, తెరుచుకుంటుంది. స్క్రిప్టును నడిపే కమాండ్‌ను అందులో మీ చేత్తో టైపు చేయండి. నేను చూసినంతలో, కొత్తవారు పడే అవస్థల్లో ముప్పాతిక వంతు ఆ బటన్ పుణ్యమే.

సంక్రాంతి సెలవులకు భీమవరం దగ్గరున్న మా ఇంటికి వచ్చిన మేనల్లుడు, రొయ్యల చెరువుల మేత లెక్కల కోసం పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాడు. ఏ రోజు ఏ చెరువుకు ఎన్ని కిలోల మేత వేశామో రాసి ఉన్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) చదివి, చెరువువారీగా మొత్తం చెప్పడమే దాని పని. స్క్రిప్టూ, ఆ ఫైలూ ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉన్నా, బటన్ నొక్కగానే ‘ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్’ వచ్చి కూర్చుంది. ‘‘ఫైలు ఇక్కడే ఉంది కదా మావయ్యా!’’ అంటూ వాడు దాని పేరు మార్చాడు, డెస్క్‌టాప్ మీద ఒక కాపీ పెట్టాడు, చివరికి పైథాన్‌నే తీసేసి మళ్ళీ వేస్తానన్నాడు.

టెర్మినల్‌లో పీడబ్ల్యూడీ (pwd) అని కొట్టమన్నాను, మనం ఏ ఫోల్డరులో ఉన్నామో అది చెబుతుంది. వాడు ఎడిటర్‌లో తెరిచింది ‘చెరువులు’ అనే పెద్ద ఫోల్డరు, స్క్రిప్టు ఉన్నది దాని లోపలి ‘మేత’ ఫోల్డరులో, టెర్మినల్ ఉన్నదేమో పెద్ద ఫోల్డరులోనే. ఉత్త ఫైలు పేరు ఇస్తే పైథాన్ స్క్రిప్టు ఉన్నచోట కాక, కమాండ్ ఇచ్చేటప్పుడు మనమున్న ఫోల్డరులో వెతుకుతుంది. ఫోల్డరు మార్చే సీడీ (cd) కమాండ్ కొట్టి లోపలికి వెళ్ళి నడిపేసరికి కిలోలు వరుసగా వచ్చాయి.

అంతటితో ఊరుకోక, స్నేహితుడి మాట విని ఎడిటర్‌కు జోడించుకునే కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకున్నాడు. మామూలుగా అది ఫలితాన్ని అవుట్‌పుట్ ప్యానెల్‌లో చూపిస్తుంది, అక్కడ మనం ఏమీ టైపు చేయలేము. చెరువు నంబరు అడిగే స్క్రిప్టు అక్కడే నిలిచిపోయింది. ఆ ప్రశ్న తీసేస్తే ఈసారి తెలుగులో ఉన్న చెరువు పేర్ల దగ్గర యూనికోడ్ ఎర్రర్. విండోస్‌లో పైథాన్ 3.6 నుంచి టెర్మినల్‌కు యూనికోడ్ సక్రమంగానే వెళుతుంది కానీ, ప్యానెల్‌కు పైపు ద్వారా (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి నేరుగా) వెళ్ళేది మాత్రం పాత కోడ్ పేజీలో, అంటే కొద్ది అక్షరాలే ఉన్న పాత పట్టిక ప్రకారం, వెళుతుంది, అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. పైథాన్‌యూటీఎఫ్8 (PYTHONUTF8) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, అంటే ప్రోగ్రాములు చూసుకునే విండోస్ సెట్టింగుకు, 1 ఇచ్చి, ఎడిటర్‌ను పూర్తిగా మూసి తెరిస్తే ఈ యూనికోడ్ ఎర్రర్ తీరుతుంది. కోడ్ రన్నర్‌ను టెర్మినల్‌లో నడిపే సెట్టింగు పెట్టుకుంటే రెండు బాధలూ తీరతాయి.

వాడిని తప్పుపట్టను. ల్యాబ్ రికార్డులో అవుట్‌పుట్‌ను చేత్తో రాయించి, గళ్ళ కాగితం అతికించి, సంతకాలు పెట్టే మన కళాశాలలు, ప్రోగ్రాం ఏ ఫోల్డరు నుంచి నడుస్తోందో ఒక్క పూట కూడా చెప్పవు.

ఒక్క సందర్భంలో మాత్రం ఎడిటర్ వద్దంటాను. రాత్రంతా నడవాల్సిన పనిని దాని టెర్మినల్‌లో పెడితే, ఇంట్లో ఎవరో ఆ విండో మూసినప్పుడు పని కూడా ఆగిపోతుంది. అటువంటివాటిని, ప్రోగ్రాములను చెప్పిన వేళకు తనంతట తానే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగించండి.