మిథనాల్ సైక్లిక్ వోల్టామెట్రీ (సీవీ)లో వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఆక్సిడేషన్ పీక్ ఎందుకు వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కార్బన్ మీద ప్లాటినం పూసి మిథనాల్‌లో సీవీ తీస్తే (అంటే పొటెన్షియల్‌ని పెంచి, మళ్లీ తగ్గిస్తూ కరెంట్ కొలిస్తే) పొటెన్షియల్ పెంచేటప్పుడు ఒక పీక్, తగ్గించేటప్పుడు ఇంకోటి వస్తున్నాయి. రెండూ ఆక్సిడేషన్ పీక్‌లే. వెనక్కి వచ్చేటప్పుడు రిడక్షన్ కదా రావాలి? రెండోది మిగిలిపోయిన కార్బన్ మోనాక్సైడ్ (సీవో) కాలడమేనని మీ సీనియర్ చెప్పారట.

పీహెచ్‌డీలో చాలాకాలం నేనూ అదే నమ్మాను. ప్రతి గ్రాఫ్‌కీ ముందు పీక్‌ని వెనక పీక్‌తో భాగించి, 'మా క్యాటలిస్ట్ సీవోని బాగా తట్టుకుంటుంది' అని రాసుకునేవాణ్ణి. ఒకరోజు పొరపాటున పొటెన్షియల్ పై లిమిట్ 1.0 వోల్ట్ బదులు 1.2 కొట్టాను. వెనక పీక్ చిక్కిపోయి ఎడమకి జరిగింది, నిష్పత్తి అమాంతం 'మెరుగైంది'. అదే ఎలక్ట్రోడ్, అదే ద్రావణం. మారిందల్లా నేను కొట్టిన అంకె! ఆ సాయంత్రం పాత గ్రాఫులన్నీ తీసి చూసుకుంటుంటే ఒళ్లు చల్లబడింది.

జరిగేది ఇదీ. మిథనాల్ అణువు ప్లాటినం మీద వాలి హైడ్రోజన్లు ఒక్కోటీ వదులుకుంటూ చివరికి చాలావరకు సీవోగా మిగులుతుంది. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు ఆ సీవో కదలదు. దాన్ని సీవో2గా పంపాలంటే నీటి నుంచి వచ్చే ఓహెచ్ (హైడ్రాక్సిల్) పక్కనే ఉండాలి. ప్లాటినం మీద ఆ ఓహెచ్ తగినంతగా రావడానికి ఆర్‌హెచ్‌ఈ (రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్) లెక్కలో 0.6-0.7 వోల్ట్ దాకా వెళ్లాలి. అక్కడ సీట్లు ఖాళీ అవుతాయి, కరెంట్ ఎగబాకుతుంది: అది మీ మొదటి పీక్, సుమారు 0.85 దగ్గర. ఇంకా పైకి పోతే ప్లాటినం ఆక్సైడ్ కప్పేస్తుంది, మిథనాల్‌కి చోటుండదు, కరెంట్ పడిపోతుంది. వెనక్కి వస్తుంటే ఆ ఆక్సైడ్ రిడక్షన్ చెంది లోహం బయటపడుతుంది. దాని మీద కొత్త మిథనాల్ విరుచుకుపడుతుంది, రెండో పీక్ అదే. కిందికి పోయేకొద్దీ ఓహెచ్ తగ్గి సీవో మళ్లీ పేరుకుంటుంది.

అంటే పాత సీవో పైన 1.0 వోల్ట్ దగ్గరే కాలిపోయింది, తిరుగు ప్రయాణానికి మిగలదు. మీరే పరీక్షించుకోండి: పై లిమిట్ 0.9, 1.0, 1.1, 1.2 పెట్టి నాలుగు సీవీలు ఒకదాని మీద ఒకటి గీయండి. నిష్పత్తి ఎలా పెరుగుతుందో చూశాక మీ సీనియర్‌కి కూడా చూపించండి, మెల్లగా.

సీవో తట్టుకునే గుణం చెప్పాలనుకుంటే సీవో స్ట్రిప్పింగ్ (ప్లాటినం మీద సీవో పేర్చి, ఏ పొటెన్షియల్‌కి కాలిపోతుందో చూడటం) తీయండి, లేదా 0.6 వోల్ట్ దగ్గర గంటసేపు క్రోనోఆంపెరోమెట్రీ (పొటెన్షియల్ కదపకుండా కరెంట్ చూడటం) నడిపి కరెంట్ ఎంత జారిందో చూడండి. రుథీనియం కలిపిన ప్లాటినంలో తేడా అక్కడే తెలుస్తుంది. రుథీనియం మీద ఓహెచ్ చాలా తక్కువ పొటెన్షియల్‌కే వచ్చి పక్కనున్న సీవోని తీసేస్తుంది. 1975లో జపాన్ శాస్త్రవేత్తలు వతనబే, మోటూ ఇచ్చిన వివరణే ఇది.

ఇథనాల్‌కి మారే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. పూర్తిగా కాలితే 12 ఎలక్ట్రాన్లు రావాలి, కానీ కార్బన్-కార్బన్ బంధం తెగక చాలావరకు ఎసిటాల్డిహైడ్ దగ్గర 2, ఎసిటిక్ యాసిడ్ దగ్గర 4తో ఆగిపోతుంది. తగరం కలిపితే కరెంట్ పెరుగుతుంది గానీ బంధం తెగినట్టు కాదు.

ఇక మీ సీవీలో కరెంట్ మరీ తక్కువగా ఉందన్నారు. సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పొటెన్షియల్ కొలవడానికి ఆధారంగా పెట్టేది) వాడుతుంటే ముందు దాన్నే అనుమానించండి. నా మొదటి నెలంతా అందులోంచి కారిన క్లోరైడే తినేసింది, ప్లాటినానికి అది పడదు. మెర్క్యూరస్ సల్ఫేట్ రిఫరెన్స్‌కి మార్చాక పీక్‌లు లేచాయి. ఎలక్ట్రోడ్ మీద పూసే క్యాటలిస్ట్ ఇంక్‌లో ఐసోప్రొపనాల్ వేస్తే బాగా ఆరనివ్వండి, అది కూడా ఆల్కహాలే, మీ మిథనాల్ కంటే ముందే కాలుతుంది.