ఎలుకల జన్యువుల మీద చదువుతానంటోంది మా అమ్మాయి, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం. మ్యాథ్స్, బయాలజీ రెండూ తీసుకుంది. కొండ మీది ఎలుకలకీ మైదానంలోని ఎలుకలకీ జన్యువుల్లో తేడా ఎందుకొస్తుందో పరిశోధన చేస్తారట, తనూ అదే చేస్తానంటోంది. మ్యాథ్స్ పక్కన పెట్టి నీట్ మీదే కూర్చోమని ట్యూషన్ మాస్టారు అంటున్నారు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: అన్నిటికన్నా ముందు, మ్యాథ్స్ మాత్రం మానిపించకండి. నీట్‌కి మ్యాథ్స్ అక్కర్లేదన్నది నిజమే. కానీ మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్నలో సగం లెక్కలే.

ఎలుక తన బతుకంతా కొద్దిపాటి నేలలోనే తిరుగుతుంది. మధ్యలో పెద్ద నదో, కొండల వరసో అడ్డుంటే అటువి ఇటు రావు, ఇటువి అటు పోవు. వాటి మధ్య జతకట్టడం ఆగిపోయాక రెండు గుంపుల డీఎన్‌ఏ దేని దారిన అది మారుతూ పోతుంది. గుంపు చిన్నదైతే ఆ మార్పు ఇంకా త్వరగా తేలుతుంది. ఇది నేల తీరు వల్ల వచ్చే తేడా. వాతావరణం ఇంకో రకంగా పనిచేస్తుంది. చలికో, తేమకో, కరువుకో తట్టుకునే జన్యువులున్నవి బతికి పిల్లల్ని పెడతాయి, తరాలు గడిచేకొద్దీ ఆ జన్యువులే ఎక్కువవుతాయి.

పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి సంగతే చూడండి. మనుషుల పడవల్లో అక్కడికి చేరినవి మామూలు ఇంటి ఎలుకలే. ఆ జాతికి సాధారణంగా 40 క్రోమోజోములు, అంటే కణంలో జన్యువులుండే పోగులు. మదీరాలో మాత్రం క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని, వాటి సంఖ్య 22 నుంచి 30 మధ్యకి దిగిపోయింది. అలాంటి గుంపులు అక్కడ ఆరు ఉన్నాయని 2000లో నేచర్ పత్రికలో ప్రచురించారు. నిట్టనిలువు కొండల మధ్య ఒక్కో లోయలో చిక్కుకుపోవడమే ఇందుకు కారణమన్నారు. మన దేశంలోనూ ఇలాంటి పని జరుగుతోంది. సిక్కింలో కుందేలుకి చుట్టమైన పికా అనే చిన్న జంతువుంది. పైకి చూస్తే చైనాలోని ఒక జాతిలాగే ఉంటుంది. డీఎన్‌ఏ చూశాక అది వేరే జాతి అని తేలింది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ పరిశోధకులు ఈ సంగతిని 2016లో బయటపెట్టారు.

అసలు చిక్కు ఎక్కడంటే, నేల, వాతావరణం రెండూ కలిసే మారతాయి. మీ జిల్లాలోని మహేంద్రగిరినే తీసుకోండి, ఎత్తు 1,501 మీటర్లు. కింద వరిగట్ల చిట్టెలుకకీ పైన గడ్డిలో ఉండే చిట్టెలుకకీ తేడా ఉందనుకుందాం. ఆ తేడా పైనున్న చలి వల్లా, మధ్యలో ఉన్న దూరం వల్లా? ఆ ఒక్క కొండనే చూస్తే ఎవరూ చెప్పలేరు. ఒకే ఎత్తులో, ఒకే రకం చలి ఉండి, మధ్యలో లోయ ఉన్న రెండు కొండలు కావాలి. దగ్గర దగ్గరగానే ఉండి వాతావరణం వేరుగా ఉన్న రెండు చోట్లూ కావాలి. తేడా లోయని బట్టి వస్తోందా, ఎత్తుని బట్టి వస్తోందా అని అప్పుడు లెక్క కట్టొచ్చు. ఆ లెక్కకి స్టాటిస్టిక్స్ కావాలి, కొంచెం ప్రోగ్రామింగ్ కావాలి. అడవిలో కొన్ని వారాలు తిరిగినా, ల్యాబ్‌లోనూ కంప్యూటర్ ముందూ నెలలు గడుస్తాయి. మీ అమ్మాయికి ఈ మాట దాచకుండా చెప్పండి.

అడవిలో చేసే పని కూడా ఓపికతో కూడుకున్నదే. సాయంత్రం చిన్న అల్యూమినియం పెట్టెల్లో వేరుశెనగ ముద్ద పెట్టి, తెల్లవారగానే వెళ్లి చూడాలి. ఎండెక్కితే లోపలి జంతువు చచ్చిపోతుంది. దొరికినదాన్ని గుడ్డ సంచిలో వేసి స్ప్రింగ్ త్రాసుతో తూస్తారు. చెవి అంచు నుంచి చిటికెడు ముక్క తీసి ఆల్కహాల్ ట్యూబులో వేసి, ఎలుకని పట్టుకున్న చోటే వదిలేస్తారు. ట్యూబులో వేసే చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, ఆల్కహాల్ తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది. చీటీ మీద ఊరు తప్పు పడితే నెలల శ్రమ వృథా.

ఇక చదువు దారి. మీకు దగ్గర్లో, బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది. అక్కడ డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవొచ్చు. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, అందులో 15 మ్యాథ్స్‌వి. మ్యాథ్స్ లేని పిల్లలూ రాయొచ్చు, కానీ ఆ పావు వంతు మార్కుల దగ్గర వెనకబడతారు. భువనేశ్వర్‌లో అలాంటి సంస్థే నైసర్, దానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. వీటిలో సీటు రాకపోయినా కంగారు పడకండి. మీ ఊళ్లోనే బీఎస్సీ జువాలజీ చేసి, తర్వాత డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలోగానీ ఎన్‌సీబీఎస్‌లోగానీ వన్యప్రాణుల మీద ఎంఎస్సీకి ప్రయత్నించొచ్చు.

డబ్బు సంగతి. పీహెచ్‌డీ దాకా పదేళ్లు దాటుతుంది. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్, హెచ్‌ఆర్‌ఏ అదనం. పర్మినెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. డిగ్రీ అవగానే సంపాదన మొదలవ్వాలనే ఇల్లయితే నేను వద్దనే అంటాను. అంత తొందర లేకపోతే దారులున్నాయి. కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ, జువలాజికల్ సర్వే, ఐసర్లు ఉన్నాయి. భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ కేంద్రం లాంటి చోట్ల జబ్బుల మీద పరిశోధన జరుగుతుంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఎలుకల మీది పురుగుల ద్వారానే మనుషులకి సోకుతుంది కాబట్టి ఎలుకల సంగతి తెలిసినవాళ్లు అక్కడా కావాలి. డీఎన్‌ఏ డేటా చూడటం వస్తే హైదరాబాద్, బెంగళూరు జీనోమ్ కంపెనీల్లోనూ పని దొరుకుతుంది.

ఆడపిల్ల అడవుల్లో తిరగాలా అన్న బెంగ మీకు ఉండే ఉంటుంది. ఈ పని ఒంటరిగా చేసేది కాదు. అటవీ శాఖ అనుమతి, స్థానిక సహాయకులు, తోటి విద్యార్థులు, అందరూ కలిస్తేనే జరుగుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన పిల్ల మీది. కొండ మీది సవరల మాట కూడా కాస్త పట్టుకుంటే మహేంద్రగిరి ఊళ్లలో తనకి దొరికే సాయం బయటి నుంచి వచ్చినవాళ్లకి దొరకదు.

నీట్ రాయనివ్వండి, ఐఏటీ కూడా రాయనివ్వండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ రెండింటికీ దాదాపు ఒకటే, మ్యాథ్స్ ఒక్కటే అదనం. రోజుకి ఒక గంట దానికి కేటాయించమనండి. రెండో సంవత్సరంలో మార్చి నుంచి ఐఏటీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.