ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పసుపు పాలతో తగ్గుతుందా?

"సీఆర్‌పీ ఎక్కువుంది, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందన్నారు. పసుపు పాలు తాగితే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు (సీఆర్‌పీ అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్). సరిపోదు. మా అమ్మ పడ్డ అవస్థ చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం. అది బయటపడక ముందు ఒక ఉదయం పొంగుతున్న పాలగిన్నెను రెండు మణికట్ల మధ్య ఇరికించి దించబోతుంటే చూశాను. పట్టుకారు నొక్కడానికి వేళ్లు మడత పడటం లేదు. పది దాటాక అవే చేతులతో కూరలు తరిగింది. అందుకే ఆవిడ బాధ ఎవరికీ బాధగా అనిపించలేదు. "వయసు మీద పడుతోంది, రోజంతా నీళ్లలో పని" అని చుట్టాలు తేల్చేశారు. ఆడవాళ్ల నొప్పికి మన ఇళ్లలో ఎప్పుడూ ఇవే రెండు కారణాలు! అరిగిన మోకాలు నడిచేకొద్దీ నొప్పి పెడుతుంది. రుమటాయిడ్ అలా కాదు. రాత్రంతా కదలకపోతే బిగుసుకుంటుంది, కదిలిస్తే సడలుతుంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే అదే. ఆ వాపు మన మేలుకే, పని అయ్యాక పోతుంది. అమ్మకు మాత్రం రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల పొరల మీదే దాడికి దిగింది. అది కీళ్లతో ఆగదు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా అమ్మకు రక్తం పట్టలేదు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి, ఒంట్లో ఉన్న ఇనుమును కూడా వాడుకోనివ్వదు. ఈ జబ్బుతో గుండెపోటు ముప్పు కూడా పెరుగుతుంది.

ఇక నొప్పి బిళ్లల సంగతి. డైక్లోఫినాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు కిడ్నీలు చెడి లక్షల్లో చచ్చాయి. 2006లో పశువులకు వాడే ఆ మందును నిషేధించారు. మనుషులకు మాత్రం డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది! ఊళ్లలో పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతుంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే ఆ పొడిని అనుమానించాలి.

అమ్మను నిలబెట్టింది మెథోట్రెక్సేట్ అనే రుమటాయిడ్ మందు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం.

పసుపు పాలు ఇష్టమైతే తాగండి. సీఆర్‌పీ మామూలు ఇన్‌ఫెక్షన్‌తోనూ పెరుగుతుంది, ఆ ఒక్క అంకె చూసి బెదరకండి. కానీ పొద్దున్నే కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోతుంటే రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) దగ్గరికే వెళ్లండి. ఎంతసేపటికి సడలుతున్నాయో రాసుకుని వెళ్లండి, ఆయన తప్పకుండా అడుగుతారు.