విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్: సమాధానం

అన్నా, దేవరకొండలో మీ ఇంట్లోని ఆరో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కడం లేదు, కొత్తది కొనాలా అని అడిగారు. తొందరపడకండి. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, మీ మిషన్ చెడిపోలేదు. కాకపోతే విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి, దాన్ని అలాగే ఉంచి బ్యాంకు పనులు చేయొద్దు.

నన్నడిగితే విండోస్ బదులు లైనక్స్ మింట్ 22 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. ఉచితం, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, హార్డ్‌డిస్క్ జోలికి పోదు. వైఫై, ప్రింటర్ అప్పుడే చూసుకోండి. నల్లగొండలో నాకు పాత ప్రింటర్ దగ్గరే సగం రోజు పోయింది. నచ్చితే, ఫోటోలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడుతుంటే మాత్రం మింట్ వద్దు, అది విండోస్ కోసం చేసింది.