కాగితపు విమానం ప్రయోగం గురించి మనవరాలికి లేఖ

హైదరాబాదు

చిరంజీవి బంగారుతల్లికి తాతయ్య ఆశీస్సులు.

విజ్ఞాన ప్రదర్శనకు కాగితపు విమానాలపై ప్రయోగం చేయదలచుకున్నానని నీవు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. "ఏ విమానం ఎక్కువ దూరం వెళ్తుంది?" అన్న నీ ప్రశ్న పందేనికి చాలుతుంది గాని ప్రయోగానికి చాలదు. నాలుగు రకాల మడతలతో నాలుగు విమానాలు చేస్తే రెక్కల వెడల్పు, పొడవు, ముక్కు దగ్గరి బరువు అన్నీ ఒకేసారి మారిపోతాయి కనుక, గెలిచిన విమానం దేనివల్ల గెలిచిందో చెప్పే దారి ఉండదు.

ఒకే మడత, ఒకే జెమ్ క్లిప్పు తీసుకో. ముక్కుకు ఒకటి, రెండు, మూడు అంటూ క్లిప్పులు పెంచుకుంటూ పోతే మొత్తం బరువూ, గరిమనాభి (విమానం బరువంతా ఒకేచోట ఉన్నట్టు తూగి నిలిచే బిందువు) ఉండే చోటూ రెండూ మారతాయి. ఆ ఒక్క క్లిప్పునే కింది మడత వెంట ముక్కు నుంచి తోక వైపుకు రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ పోతే బరువు అలాగే ఉండి గరిమనాభి మాత్రమే జరుగుతుంది. 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం సుమారు 5 గ్రాములు తూగుతుంది. క్లిప్పు అర గ్రాము అనుకుంటే, దాన్ని 10 సెంటీమీటర్లు జరిపినప్పుడు గరిమనాభి దాదాపు 9 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ కాస్త తేడాకే విమానం నడక మారిపోతుంది: గరిమనాభి మరీ ముందుకు వస్తే ముక్కు వాల్చి నేలకు దిగుతుంది, మరీ వెనక్కి పోతే ముక్కు పైకెత్తి, వేగం కోల్పోయి, ఒక్కసారిగా కూలుతుంది. కాబట్టి మధ్యలో ఎక్కడో దూరం అన్నింటికంటే ఎక్కువ ఉండాలని నా ఊహ. నీ ఊహ ఏమిటో ప్రయోగానికి ముందే నోటుపుస్తకంలో రాసి తేదీ వేయి. రెక్కల కింద రెండు చూపుడు వేళ్ళు ఆనించి, విమానం ఎక్కడ తూగి నిలుస్తుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. ముక్కు నుంచి ఆ గీతకు ఉన్న దూరాన్ని గ్రాఫులో అడ్డంగా, విమానం వెళ్ళిన దూరాన్ని నిలువుగా వేయాలి. ఒక్క క్లిప్పును తూచడం కష్టం కనుక వంద క్లిప్పులు కలిపి తూచి వందతో భాగించు.

ఇక అన్నింటికంటే పెద్ద చిక్కు విసిరే చెయ్యి. 2012లో జాన్ కాలిన్స్ రూపొందించిన విమానం 69.14 మీటర్లు వెళ్ళి ప్రపంచ రికార్డు సాధించినప్పుడు, దాన్ని విసిరినది ఆయన కాదు, జో అయూబ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. చేతి బలం అంత పని చేస్తుంది. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి నా విద్యార్థులు వెడల్పు రెక్కల విమానమే మేలని తేల్చారు. ఆ విమానాలన్నీ ఉదయం ఒక పిల్లవాడు, సన్న రెక్కలవి మధ్యాహ్నం మరొక పిల్లవాడు విసిరారని ప్రదర్శన అయ్యాక గాని నాకు తెలియలేదు. ముందే అడగకపోవడం నా తప్పు. నీ విషయంలో అది జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని మొదట క్లిప్పు కదపకుండా అదే విమానాన్ని పదిసార్లు విసిరి, ఆ పది దూరాలూ రాసుకో. వాటి మధ్య తేడా రెండు మీటర్లు వచ్చిందంటే, క్లిప్పు జరపడం వల్ల వచ్చే అర మీటరు తేడాను నీవు నమ్మలేవు. చేతికి బదులు స్టూలుకు బిగించిన రబ్బరు బ్యాండును ప్రతిసారీ 10 సెంటీమీటర్లు లాగి వదిలితే ఆ తేడా తగ్గుతుంది. బ్యాండు వాడగా వాడగా సాగిపోతుంది కనుక కొలతలు తీసే రోజున కొత్తది వాడు. ఒక్కొక్క స్థానంలో పదేసి విసుర్లు వరుసగా వేయకు. నేలకు తగిలి తగిలి ముక్కు మెత్తబడుతుంది, ఆ నష్టమంతా చివరి స్థానాల మీద పడుతుంది. స్థానాల పేర్లు చీటీలు వేసి, వచ్చిన వరుసలో విసురు.

మీ అపార్ట్‌మెంటు సెల్లారు ఇందుకు మంచి చోటు, గాలి తగలదు. ఇంట్లో చేస్తే సీలింగు ఫ్యాను ఆపి, రెండు నిమిషాలు ఆగి మొదలుపెట్టు. ఇప్పుడు వానకాలం, కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది. ఒకే కట్టలోని కాగితాలు తీసుకొని, కొలతలన్నీ ఒకే రోజు ముగించు. విమానం జారి ఆగిన చోటును కాక మొదట నేలను తాకిన చోటును కొలవాలి. గోడకు తగిలిన విసురును మాత్రమే లెక్కలోంచి తీసివేస్తానని ముందే రాసుకో; తక్కువ దూరం వచ్చిందని ఏ కొలతనూ కొట్టివేయవద్దు.

ఆదివారం ఆ మొదటి పది కొలతలు పట్టుకొని రా, కలిసి చూద్దాం. 30 మీటర్ల టేపు నా దగ్గర ఉన్నది, కొనవద్దని నాన్నకు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య